పాట లాస్‌లెస్సే... మరి మీ ఇయర్‌బడ్స్?

"అన్నా, లాస్‌లెస్ ప్లాన్‌కి మారిన. నెలకు వంద ఎక్కువ కడుతున్న. బడ్స్‌ల మాత్రం ఏం ఫరక్ తెలుస్తలేదు. చెవులు పాడైనయా, బడ్స్ పాడైనయా?"

శామీర్‌పేట దగ్గర హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ఒక తమ్ముడు పంపిన మెసేజ్ ఇది. మూడు వాక్యాల్లో అడిగేశాడు గానీ, ఈ ప్రశ్న అతనొక్కడిదే కాదు. ఈమధ్య నాకొచ్చే మెసేజ్‌లలో సగం దీని చుట్టూనే తిరుగుతున్నాయి. యాప్‌లో పాట పక్కన 'లాస్‌లెస్' అని చూపిస్తుంది. చెవిలో మాత్రం అదే పాట, అదే సౌండ్. మరి ఆ వంద రూపాయలు ఎక్కడికి పోతున్నట్టు?

తమ్ముడూ, నీ చెవులు బాగానే ఉన్నాయి. బడ్స్ కూడా బాగానే ఉండుంటాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న దారే ఇరుకు. ఆ సంగతేంటో ఈ వారం చూద్దాం.

అసలు 'లాస్' ఏంటి?

సీడీ నుంచి మొదలుపెడదాం. సీడీలో పాటను సెకనుకు 44,100 సార్లు కొలిచి రాస్తారు. ఒక్కో కొలతకు 16 బిట్లు. ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి, మొత్తం రెండు ఛానళ్లు. అన్నీ గుణిస్తే సెకనుకు 1,411 కిలోబిట్లు. అంటే 5 నిమిషాల పాటకు దాదాపు 53 ఎంబీ. ఇప్పుడంటే 53 ఎంబీ మనకు లెక్క కాదు. ఫోన్ లైన్ మీద ఇంటర్నెట్ నడిచిన రోజుల్లో మాత్రం ఒక పాట దిగేసరికి పొద్దు గడిచిపోయేది.

దీనికి జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన బృందం, వాళ్లతో పాటు మరికొందరు కలిసి ఒక ఉపాయం కనిపెట్టారు. పక్కన డప్పు మోగుతుంటే ఎవరో గుసగుసగా చెప్పేది మనకు వినపడదు కదా? అలా మనిషి చెవికి ఎలాగూ అందని శబ్దాలను లెక్కగట్టి తీసేస్తే ఫైల్ చిన్నదైపోతుంది. అదే ఎంపీ3. ఆ ఫైల్ పేరు చివర పెట్టే మూడక్షరాలను 1995లో ఖాయం చేశారు. నాణ్యంగా చేసిన 320 కిలోబిట్ల ఎంపీ3లో అదే 5 నిమిషాల పాట 12 ఎంబీకి వచ్చేస్తుంది. కాకపోతే ఒకసారి తీసేసింది మళ్లీ రాదు. ఆ పోయిందే 'లాస్'.

లాస్‌లెస్‌ది వేరే పద్ధతి. ఇది జిప్ ఫైల్ లాంటిది. చిన్నగా మడత పెడుతుంది, విప్పినప్పుడు ఒక్క బిట్ కూడా తేడా లేకుండా తిరిగిస్తుంది. 2001లో వచ్చిన ఫ్లాక్, 2004లో యాపిల్ తెచ్చిన అలాక్ ఇలాంటివే. సీడీ సైజులో ఇంచుమించు 60 శాతానికి తగ్గిస్తాయనుకుంటే, మన 5 నిమిషాల పాట 30 ఎంబీ దగ్గర ఉంటుంది.

ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, వాట్సాప్‌లో ఫొటోను మామూలుగా పంపితే నలిగి చేరుతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. ఎంపీ3 మొదటి రకం, లాస్‌లెస్ రెండో రకం.

ఓఆర్ఆర్ దిగాక సందు

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్లినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. 8 లేన్ల రోడ్డు మీద జుమ్మని వస్తాం. ఎగ్జిట్ దిగి కాలనీ సందులోకి తిరగ్గానే ఎదురుగా ట్రాక్టర్. అప్పటిదాకా ఎంత స్పీడుగా వచ్చామన్నది ఇక లెక్కలోకి రాదు.

మీ పాట పరిస్థితీ అంతే. సర్వర్ నుంచి ఫోన్ దాకా లాస్‌లెస్ హాయిగా వచ్చేస్తుంది. 5జీకి గానీ, ఇంట్లో ఫైబర్‌కి గానీ సెకనుకు 1,411 కిలోబిట్లు పెద్ద బరువేం కాదు. అక్కడి నుంచి మీ చెవి దాకా ఉన్న చివరి మీటరే అసలు సమస్య. దాని పేరు బ్లూటూత్.

బ్లూటూత్‌లో పాట ఉన్నదున్నట్టు వెళ్లదు. ఫోన్ ఆ లాస్‌లెస్ ఫైల్‌ను విప్పి, మళ్లీ కుదించి, గాల్లోకి వదులుతుంది. ఆ కుదించే పద్ధతినే కోడెక్ అంటారు. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ అన్నింట్లో తప్పనిసరిగా ఉండేది ఎస్‌బీసీ. అది సాధారణంగా మోసేది గరిష్ఠంగా 328 కిలోబిట్లు. ఐఫోన్లు వాడే ఏఏసీ 256 దగ్గర నడుస్తుంది. ఆప్ట్ఎక్స్ హెచ్‌డీకి 576. సోనీ తయారుచేసిన ఎల్‌డ్యాక్ 330, 660, 990 అని మూడు మెట్ల మీద పనిచేస్తుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఇది ఆండ్రాయిడ్‌లో భాగమైంది. 990 బాగా దగ్గరకొస్తుంది గానీ, అదీ పూర్తి లాస్‌లెస్ కాదు.

నిజంగా సీడీ నాణ్యతను గాల్లో పంపేది లేదా అంటే, ఉంది. క్వాల్‌కామ్ 2021లో ప్రకటించిన ఆప్ట్ఎక్స్ లాస్‌లెస్ ఆ పని చేస్తుంది. కానీ అది ఫోన్‌లోనూ ఉండాలి, బడ్స్‌లోనూ ఉండాలి. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే రెండూ కలిసి మామూలు కోడెక్‌కి దిగిపోతాయి. కంటికి మాత్రం ఏమీ కనపడదు. యాప్‌లో 'లాస్‌లెస్' అన్న మాట అలాగే ఉంటుంది. ఎందుకంటే యాప్ తనవరకు నిజమే చెబుతోంది, పాట ఫోన్ దాకా లాస్‌లెస్‌గానే వచ్చింది.

ఐఫోన్ వాడేవాళ్లకు ఇంకో మాట. బ్లూటూత్ ఆడియోకి ఐఫోన్‌లో ఎల్‌డ్యాక్ లేదు, ఆప్ట్ఎక్స్ లేదు. మీరు ఎంత ఖరీదైన వైర్‌లెస్ హెడ్‌ఫోన్ కొన్నా ఏఏసీయే. బాక్స్ మీద బంగారు రంగులో 'హై-రెస్ ఆడియో వైర్‌లెస్' అని లోగో ఉండొచ్చు. ఆ లోగోకి అర్థం లాస్‌లెస్ అని కాదు. ఎల్‌డ్యాక్ లాంటి కోడెక్ అందులో ఉందని. ఆ కోడెక్ మీ ఫోన్‌లో లేకపోతే ఆ లోగో బాక్స్‌కి అందం, అంతే.

ఇదేం కంపెనీలు దాచిపెట్టిన రహస్యం కాదు. బ్లూటూత్‌లో లాస్‌లెస్ వెళ్లదని యాపిల్, స్పాటిఫై రెండూ చెబుతూనే ఉన్నాయి. కాకపోతే ప్లాన్ ధర పెద్దక్షరాల్లో ఉంటుంది, ఈ ముక్క చిన్నక్షరాల్లో ఉంటుంది.

ఏ యాప్‌లో ఏముంది?

యాపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి లాస్‌లెస్ ఇస్తోంది, దానికి విడిగా డబ్బు తీసుకోదు. స్పాటిఫై 2021 ఫిబ్రవరిలోనే తెస్తామని చెప్పి, చివరికి 2025 సెప్టెంబర్‌లో మొదలుపెట్టింది. మన దగ్గర 2025 నవంబర్‌లో ప్లాన్లు మార్చినప్పుడు లాస్‌లెస్‌ను 299 రూపాయల ప్లాటినంలో పెట్టింది. దాని కింది స్టాండర్డ్ 199. తమ్ముడు చెప్పిన వంద ఇదే. యూట్యూబ్ మ్యూజిక్‌లో లాస్‌లెస్ లేదు, గరిష్ఠం 256. జియోసావన్ ప్రో 320 ఇస్తుంది. ధరలు, ప్లాన్లు మారుతుంటాయి కాబట్టి కట్టేముందు యాప్‌లో ఓసారి చూసుకోండి.

నెలకు వంద అంటే ఏడాదికి 1,200. హాస్టల్లో ఉండేవాళ్లకు అది చిన్న మొత్తం కాదు.

బస్సులో లాస్‌లెస్ వింటే

మనలో చాలామంది పాటలు వినేది ప్రయాణంలోనే. జూబ్లీ బస్ స్టేషన్ దగ్గర ఎక్కి, రాజీవ్ రహదారి మీద అల్వాల్, హకీంపేట, తూంకుంట మీదుగా శామీర్‌పేట. లేదంటే సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే ఎంఎంటీఎస్. 2023 ఏప్రిల్‌లో అది మొదలయ్యాక బొల్లారం, గుండ్లపోచంపల్లి వైపు కాలేజీలకు పోయే పిల్లలు చెవుల్లో బడ్స్‌తోనే కనిపిస్తారు.

ఈ ప్రయాణంలో రెండు జరుగుతాయి. మొదటిది, బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్‌జ్ మీద. చాలా వైఫైలు వాడేదీ అదే. బస్ స్టేషన్‌లో వందమంది, వంద ఫోన్లు, వంద జతల బడ్స్ ఒకే గాలిని పంచుకుంటాయి. సిగ్నల్ తెగకుండా ఉండాలని, ఎల్‌డ్యాక్ ఆటోమేటిక్ మోడ్‌లో ఉంటే 990 నుంచి 660కి, అక్కణ్నుంచి 330కి దిగిపోతుంది. అంటే ఎస్‌బీసీ ఉన్న చోటికే వచ్చినట్టు.

రెండోది ముఖ్యమైనది. బస్సు ఇంజన్, హారన్లు, కిటికీలోంచి గాలి. ఆ రొదలో పాటలోని సన్నని వివరాలు ఎలాగూ మునిగిపోతాయి. ఎంపీ3 తీసేసే 'వినపడని శబ్దాల' పని అక్కడ బస్సే చేసేస్తుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? వాల్యూమ్ పెంచుతాం. అసలు నష్టం మొదలయ్యేది అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంతర్జాతీయ టెలికాం సంఘంతో కలిసి ఇచ్చిన ప్రమాణం ప్రకారం, పెద్దవాళ్లు 80 డెసిబుల్స్‌లో వారానికి 40 గంటల దాకా వినొచ్చు. ప్రతి 3 డెసిబుల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు. 90కి వెళ్తే వారం మొత్తానికి దాదాపు 4 గంటలే. రోజూ పోనూ రానూ గంటన్నర బస్సులో గట్టిగా వినేవాళ్లు ఈ లెక్క వేసుకోండి. ఫైల్‌లో పోయిన బిట్లను మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు గానీ, చెవిలో పోయినది తిరిగి రాదు.

అందుకే బస్సులో వినేవాళ్లకు నా సలహా: డబ్బు లాస్‌లెస్ మీద కాదు, బయటి రొదను ఆపే వాటి మీద పెట్టండి. నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్న బడ్స్ అయితే మంచిది. అంత బడ్జెట్ లేకపోతే, బాక్స్‌లో వచ్చే మూడు సైజుల రబ్బరు టిప్స్‌ని మార్చి మార్చి చూడండి. చెవికి సరిగ్గా పట్టే సైజు దొరికితే వాల్యూమ్ దానంతటదే తగ్గుతుంది, బేస్ కూడా బాగుంటుంది. దీనికి పైసా ఖర్చు లేదు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం రెండూ తీసేయండి.

స్మార్ట్ స్పీకర్‌కి ఏ దారి?

స్మార్ట్ స్పీకర్ దగ్గర కథ కొంచెం వేరు. దానికి రెండు దారులున్నాయి.

ఒకటి వైఫై. "అలెక్సా, ఫలానా పాట పెట్టు" అన్నప్పుడు ఆ పాట మీ ఫోన్ మీదుగా రాదు. స్పీకరే నేరుగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. స్పాటిఫై కనెక్ట్, గూగుల్ క్యాస్ట్ పద్ధతి కూడా అంతే, ఫోన్ రిమోట్‌లా పనిచేస్తుంది. ఇక్కడ బ్లూటూత్ సందు లేదు కాబట్టి లాస్‌లెస్‌కి అవకాశం ఉంది. యాపిల్ హోంపాడ్, హోంపాడ్ మినీలకు 2021లోనే అప్‌డేట్‌తో లాస్‌లెస్ వచ్చింది. మిగతావాటిలో 'ఈ యాప్‌కి, ఈ స్పీకర్ మోడల్‌లో లాస్‌లెస్ ఉందా?' అని జంటగా చూసుకోవాలి. యాప్‌లో ఉండి స్పీకర్‌లో లేకపోతే పాట ఆగదు. మామూలు క్వాలిటీలో వచ్చేస్తుంది, మీకు చెప్పదు కూడా.

రెండోది బ్లూటూత్. అదే స్పీకర్‌ను ఫోన్‌తో బ్లూటూత్‌లో జత చేస్తే మళ్లీ పాత సందే.

హాస్టల్లో, పీజీలో ఉండేవాళ్లకు ఇక్కడో చిక్కుంది. క్యాంపస్ వైఫైలు చాలావరకు బ్రౌజర్ తెరిచి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొట్టమంటాయి. స్మార్ట్ స్పీకర్‌కి బ్రౌజర్ ఎక్కడుంది? కాబట్టి కనెక్ట్ కాదు. చివరికి అందరూ బ్లూటూత్‌కే వస్తారు. అంటే స్మార్ట్ స్పీకర్ కొని మామూలు స్పీకర్‌లా వాడుతున్నట్టు. హాస్టల్ రూమ్ కోసమే కొంటుంటే, ముందు అక్కడి వైఫైకి ఎలా లాగిన్ అవుతారో చూసి కొనండి.

ఇంకో సంగతి. చిన్న స్మార్ట్ స్పీకర్ ఒక్కటే ఉంటే ఎడమ, కుడి ఛానళ్లు రెండూ ఒకే డబ్బాలోంచి వస్తాయి. స్టీరియో విడిపోయి వినిపించాలంటే రెండు స్పీకర్లను జత చేయాలి. ఒక్క స్పీకర్ మీద లాస్‌లెస్‌కి మారడం కన్నా, రెండో స్పీకర్ పెట్టడం వల్ల వచ్చే తేడా చెవికి చాలా ఎక్కువ తెలుస్తుంది.

డేటా లెక్క

5 నిమిషాలకు 30 ఎంబీ అనుకున్నాం కదా. గంటకు 360 ఎంబీ. రోజుకు నాలుగు గంటలు వింటే, 1.5 జీబీ ప్యాక్ దాదాపు పాటలకే ఖతం. 320 కిలోబిట్లలో అదే గంటకు 144 ఎంబీ సరిపోతుంది. ఇక యాపిల్ మ్యూజిక్‌లోని 'హై-రెస్ లాస్‌లెస్' 24 బిట్, 192 కిలోహెర్ట్‌జ్ దాకా వెళ్తుంది. కుదించకముందు లెక్క చూస్తే 5 నిమిషాలకు 345 ఎంబీ. కుదించినా భారీ ఫైలే. దాన్ని మొబైల్ డేటా మీద పొరపాటున కూడా ఆన్ చేయకండి.

యాప్ సెట్టింగ్స్‌లో వైఫైకి, మొబైల్ డేటాకి, డౌన్‌లోడ్‌కి విడివిడిగా క్వాలిటీ పెట్టుకోవచ్చు. మొబైల్ డేటాకి 'హై' చాలు. లాస్‌లెస్ కావాలంటే వైఫైలో డౌన్‌లోడ్ చేసుకోండి.

మూలంలో లేనిది ఫోన్‌లో రాదు

పాత పాటల అభిమానులు అడుగుతుంటారు, లాస్‌లెస్‌లో ఘంటసాల గారి పాట కొత్తగా వినిపిస్తుందా అని. లాస్‌లెస్ అంటే మూలంలో ఉన్నది పోకుండా తేవడం. మూలంలోనే గరగర ఉంటే, గరగర కూడా లాస్‌లెస్‌గానే వస్తుంది. 1957 నాటి 'మాయాబజార్'ను తీసుకోండి. 2010 జనవరిలో అది రంగుల్లో మళ్లీ విడుదలైంది. ఆ పని చేసింది మన హైదరాబాద్ కంపెనీ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్. ఒకే ఛానల్‌లో ఉన్న పాత సౌండ్‌ట్రాక్‌ను డీటీఎస్ సౌండ్‌కి మార్చారు. తేడా వచ్చింది అక్కడ చేసిన పని వల్ల, ఫైల్ ఫార్మాట్ వల్ల కాదు. ఒక పాత పాట ఒక ఆల్బమ్‌లో బాగుండి ఇంకో ఆల్బమ్‌లో మసకగా ఉందంటే, రెండూ వేర్వేరు చోట్ల నుంచి ఎక్కించినవై ఉంటాయి. అప్పుడు ప్లాన్ మార్చడం కాదు, ఆల్బమ్ మార్చి చూడండి.

మరి నిజంగా వినాలంటే?

వైరు. తప్పదు. టైప్-సి నుంచి 3.5 ఎంఎం జాక్‌కి మార్చే డాంగిల్‌లో డ్యాక్ అనే చిన్న చిప్ ఉంటుంది, డిజిటల్‌ను సౌండ్‌గా మార్చేది అదే. డ్యాక్ ఉన్న డాంగిల్, మంచి వైర్డ్ ఇయర్‌ఫోన్స్ కలిపి ఆ 1,200 లోపే దొరుకుతాయి. పాత ఐఫోన్లకు యాపిల్ ఇచ్చే లైట్నింగ్ అడాప్టర్ కూడా 24 బిట్, 48 కిలోహెర్ట్‌జ్ దాకా లాస్‌లెస్ ఇస్తుంది. అంతెందుకు, యాపిల్ వాళ్ల ఖరీదైన ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్‌కి 2025లో లాస్‌లెస్ వచ్చింది కూడా యూఎస్‌బీ-సి కేబుల్ పెడితేనే.

మీ ఫోన్, బడ్స్ ఏ కోడెక్‌లో మాట్లాడుకుంటున్నాయో తెలుసుకోవాలంటే, ఆండ్రాయిడ్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి 'బ్లూటూత్ ఆడియో కోడెక్' చూడండి. చాలా ఫోన్లలో బ్లూటూత్ సెట్టింగ్స్‌లో మీ బడ్స్ పేరు పక్కనే 'హెచ్‌డీ ఆడియో' బటన్ ఉంటుంది. ఎల్‌డ్యాక్ ఉన్న బడ్స్ కొని ఆ బటన్ ఆఫ్‌లో పెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

డబ్బు కట్టేముందు ఒక పరీక్ష. మేడ్చల్‌లో మా ఇంట్లో మా చిన్నాన్న కొడుకుతో చేయించాను. వాడు "నాకు తెలిసిపోద్ది" అని పందెం కట్టాడు. వాడు కళ్లు మూసుకుంటాడు. నేను అదే పాటను ఒకసారి లాస్‌లెస్‌లో, ఒకసారి 'హై'లో పెడతాను, వాల్యూమ్ మార్చకుండా, వరస చెప్పకుండా. పదిసార్లు. బడ్స్‌తో 10కి 5 చెప్పాడు. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. వైర్‌తో 6. అదే లాస్‌లెస్‌కి, 'లో' క్వాలిటీకి మధ్య పెడితే పదికి పదీ చెప్పాడు. పెద్ద మెట్టు 'లో' నుంచి 'హై'కి ఉంది. 'హై' నుంచి లాస్‌లెస్‌కి ఉన్నది చిన్న మెట్టు, అది ఎక్కాలంటే వైరు, నిశ్శబ్దం, ఓపిక మూడూ కావాలి. చాలామంది ఫోన్లలో డేటా సేవర్ ఆన్‌లోనే ఉంటుంది. ముందు అది ఆపేయండి.

ఇక తమ్ముడికి నా జవాబు. వినేది బడ్స్‌లోనే అయితే, వచ్చే నెల నుంచి కింది ప్లాన్‌కి దిగు. మిగిలే డబ్బుతో డాంగిల్, వైర్డ్ ఇయర్‌ఫోన్స్ తీసుకో. రాత్రి రూమ్‌మేట్స్ పడుకున్నాక వాటితో విను. అప్పుడు కూడా పరీక్షలో 10కి 9 వస్తే, ఆ వంద సంతోషంగా కట్టు.

మిగతావాళ్లు కూడా ఈ ఆదివారం ఆ పరీక్ష పెట్టుకోండి. పదికి ఎన్ని వచ్చాయో, ఏ కోడెక్ కనిపించిందో రాయండి. ఫోన్ మోడల్, బడ్స్ మోడల్ కూడా రాస్తే, ఏ జంట బాగా కుదురుతోందో ఇంకో వారం చెప్పుకుందాం.